మందుల చీటీ చదువుదాం, డబ్బు ఆదా చేద్దాం
(పిల్లల కోసం మందులు వాడే దంపతులకు)

రాత్రి బడి అయిపోయింది. అందరూ పలకలు, పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయారు. ఒక అక్క మాత్రం కూర్చునే ఉంది.

"ఏం అక్కా, ఇంటికి వెళ్లవా?" అని అడిగాను.

"ఆయ్, వెళ్తానండీ. ఒక్క మాట టీచరుగారూ. ఈ చీటీలో ఏముందో కాస్త చదివిపెడతారా?" అంది. కొంగు ముడి విప్పి మందుల చీటీ తీసింది.

అక్కకు పెళ్లయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. బావ కోనసీమలో కొబ్బరి దింపు తీస్తాడు. చెట్టుకు ఇంత అని కూలి. అక్క నాట్లకు, కోతలకు వెళ్తుంది. ఇద్దరూ పట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు ఏడు రకాల మందులు రాశారు. అక్కడే ఉన్న మందుల షాపులో అన్నీ కొన్నారు. తెచ్చుకున్న డబ్బు అయిపోయింది. తిరిగి రావడానికి బస్సు డబ్బులు కూడా ఎవరినో అడిగారు.

"నెల నెలా ఇంత పెట్టి కొనాలంటే మా వల్ల కాదండీ. మందులు మానేద్దాం అంటున్నాడు మీ బావ" అంది అక్క. కళ్లనిండా నీళ్లు.

ఆ చీటీ నాకూ సరిగా అర్థం కాలేదు. అందుకే నేను మా ఊరి ఏ.ఎన్.ఎం. గారిని, మందుల షాపు నడిపే ఫార్మసిస్టును, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరమ్మను అడిగాను. వారి దగ్గర తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన పేటలో ఇలాంటి అక్కలు, చెల్లెళ్లు ఇంకా ఉన్నారు. సిగ్గుపడి ఎవరినీ అడగరు. అడగకపోతే డబ్బు పోతుంది.

ఈ ఖర్చు ఎందుకు మన జేబులోంచే పోతుంది?

గుండె జబ్బుకు, ఆపరేషనుకు ప్రభుత్వ కార్డు పనికొస్తుంది. కానీ ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నా, పిల్లలు పుట్టడం కోసం చేసే చికిత్స సాధారణంగా అందులోకి రాదు. అందుకని చాలామంది సొంత డబ్బే పెడతారు. లేదా అప్పు తెస్తారు. సొంత డబ్బు పెట్టేవాళ్లు ప్రతి రూపాయికీ లెక్క అడగాలి. అడగడం తప్పు కాదు.

ముందు కారణం తెలియాలి

పెళ్లయి ఏడాది పాటు భార్యాభర్తలు కలిసి ఉన్నా గర్భం రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. ఆమె వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి.

ఇది మన ఊళ్లో ఒకరికో ఇద్దరికో వచ్చిన కష్టం కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. కాబట్టి "గొడ్రాలు" అనే మాట మనం ఎవరినీ అనకూడదు. ఎవరైనా అంటే ఊరుకోకూడదు.

పిల్లలు కలగకపోతే మన ఇళ్లల్లో ముందు ఎవరిని ఆసుపత్రికి తీసుకెళ్తారు? ఆడదాన్నే. ఇది పొరపాటు. దాదాపు సగం జంటలలో మగవారి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది.

మగవారికి చేసే వీర్య పరీక్ష తేలిక. నొప్పి ఉండదు. ఖర్చు కూడా తక్కువ. పరీక్షకు ముందు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా భార్యాభర్తలు దూరంగా ఉండాలి. ఈ ఒక్క పరీక్ష ముందు చేయించకపోతే ఏమవుతుంది? లోపం భర్తలో ఉంటే, భార్య ఏడాది పాటు మందులు మింగినా లాభం ఉండదు. ఆ డబ్బంతా గోదాట్లో పోసినట్టే.

అందుకే మొదటి రోజే ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఇద్దరికీ పరీక్షలు చేయమని అడగాలి.

కొన్ని కారణాలకు మందులు చాలా చౌక. థైరాయిడ్ తేడా ఉంటే రోజుకు ఒక చిన్న మాత్ర. అది ఖరీదు కాదు. కొందరు ఆడవాళ్లకు క్షయ జబ్బు గర్భసంచికి, దాని నాళాలకు పాకుతుంది. అందువల్ల కూడా పిల్లలు కలగరు. క్షయ అంటే దగ్గు ఒక్కటే కాదని తెలుసుకోవాలి. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో పూర్తిగా ఉచితం. మందులు వాడినన్నాళ్లూ పోషకాహారం కోసం నెలకు కొంత డబ్బు కూడా ఇస్తారు. 2024 నవంబరు నుంచి ఆ డబ్బును నెలకు 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచారు.

చూశారా? కారణం తెలిస్తే ఖర్చు తగ్గుతుంది. కారణం తెలియకుండా మందు కొంటే ఖర్చు పెరుగుతుంది.

ఒక మందుకు రెండు పేర్లు

మన ఊళ్లో ఒకాయన్ని ఇంట్లో ఒక పేరుతో పిలుస్తారు. రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటుంది. మనిషి ఒక్కడే కదా! మందు కూడా అంతే.

ప్రతి మందుకూ ఒక అసలు పేరు ఉంటుంది. అది లోపల ఉన్న పదార్థం పేరు. కంపెనీ పెట్టుకున్న పేరు ఇంకొకటి ఉంటుంది. షీటు మీద కంపెనీ పేరు, అసలు పేరు రెండూ ఉంటాయి. పది కంపెనీలు ఒకే మందును పది పేర్లతో అమ్ముతాయి. ధరలు పది రకాలుగా ఉంటాయి. అసలు పేరుతో తక్కువ ధరకు అమ్మే మందును జెనరిక్ మందు అంటారు.

ఇక్కడ మన గోదావరి మనిషి ఒకరిని తలుచుకోవాలి. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లి మందుల పరిశోధన చేశారు. 1940లలో అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారు చేసింది.

ఈ ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం కోసం చూసే ప్రతి ఆడమనిషికీ కావాలి. గర్భం రాకముందు నుంచే వాడితే పుట్టే బిడ్డకు వెన్నుపూస లోపాలు రాకుండా కాపాడుతుంది. ఇది చాలా చౌకైన మాత్ర. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ.ఎన్.ఎం. గారిని అడిగితే ఉచితంగా దొరికే అవకాశం ఉంది. కానీ ఇదే ఫోలిక్ యాసిడ్‌లో ఇంకో పది విటమిన్లు కలిపి, రంగు డబ్బాలో పెట్టి అమ్మితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అక్క చీటీలో అలాంటివే మూడు ఉన్నాయి. ఒకటి బలం పొడి. రెండు బలం గుళికలు. మనకు బలం మందు అంటే నమ్మకం ఎక్కువ. కానీ బలం మందుల వల్లే గర్భం వస్తుందని గట్టి రుజువు లేదు. అందుకని డాక్టరును ఇలా అడగాలి:

"డాక్టరుగారూ, మా దగ్గర డబ్బు తక్కువ. వీటిలో తప్పకుండా వాడవలసినవి ఏవి? వాడకపోయినా ఫరవాలేనివి ఏవి?"

ఇంకో మాట కూడా అడగాలి:

"మందు అసలు పేరు పెద్ద అక్షరాలతో రాయండి. జెనరిక్ మందు వాడవచ్చా?"

డాక్టర్లు మందు అసలు పేరును, చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని వైద్య మండలి 2016లోనే నియమం పెట్టింది. కాబట్టి మీరు అడిగేది కొత్త కోరిక కాదు.

షీటు మీద అంకెలు చదువుదాం

"పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కదా టీచరుగారూ! నాకు తెలుగే ఇప్పుడిప్పుడే వస్తోంది" అంది అక్క.

నిజమే. కానీ అంకెలు ఇంగ్లీషులోనూ తెలుగు పుస్తకంలోనూ ఒకటే. అంకెలు మీకు వచ్చు. షీటు మీద నాలుగు అంకెలు వెతకండి.

ఒకటి, బలం. 2.5, 50, 500 లాంటి అంకె ఉంటుంది. దాని పక్కన మి.గ్రా. అని అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. చీటీలో ఉన్న అంకె, షీటు మీద ఉన్న అంకె ఒకటే అవ్వాలి. 50 రాస్తే 100 ఇవ్వకూడదు.

రెండు, ధర. ఇది గరిష్ఠ ధర. దీనికి మించి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. పన్ను కూడా అందులోనే కలిసి ఉంటుంది. ఇంతకంటే తక్కువకు అమ్మవచ్చు. కాబట్టి "కాస్త తగ్గించండి" అని అడగవచ్చు.

మూడు, గడువు. 08/2027 అని ఉంటే 2027 ఆగస్టు నెలాఖరు వరకు వాడవచ్చు. ఆ తర్వాత వాడకూడదు.

నాలుగు, ఎన్ని మాత్రలు. షీటులో ఐదా, పదా, పదిహేనా? లెక్కపెట్టండి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ధరలు లెక్క కోసం వేసినవి. ఒక షీటు ధర 150 రూపాయలు. అందులో 5 మాత్రలు. ఇంకో కంపెనీ షీటు ధర 200 రూపాయలు. అందులో 10 మాత్రలు. ఏది చౌక? 150ని 5తో భాగిస్తే మాత్ర 30 రూపాయలు. 200ని 10తో భాగిస్తే మాత్ర 20 రూపాయలు. పైకి ఎక్కువ ధర ఉన్నదే నిజానికి చౌక.

ఇంకో జాగ్రత్త. మీకు ఐదు మాత్రలే కావాలంటే షీటు మొత్తం కొనక్కర్లేదు. షాపువాళ్లు కత్తిరించి ఇస్తారు. కానీ గడువు అంకె ఉన్న ముక్క మీకు వచ్చేలా చూసుకోండి. లేదా ఆ గడువు తేదీని కాగితం మీద రాయించుకోండి.

ముందు మాత్ర, తర్వాత సూది

కొందరు ఆడవాళ్లలో నెల నెలా అండం సరిగా విడుదల కాదు. నెలసరి కూడా రెండు మూడు నెలలకు ఒకసారి వస్తుంది. ఇలాంటి వారికి అండం విడుదల కావడానికి మందులు ఇస్తారు.

ఎక్కువగా ఇచ్చే మాత్రలు రెండు. ఒకటి క్లోమిఫిన్. రెండు లెట్రోజోల్. నెలసరి వచ్చిన మొదటి రోజుల్లో మొదలుపెట్టి సాధారణంగా ఐదు రోజులు వేసుకోమంటారు. ఇవి ఖరీదైన మందులు కావు.

మన దేశంలో ముఖ్యమైన మందుల జాబితా ఒకటి ఉంది. ఆ జాబితాలోని మందులకు ప్రభుత్వం ధర పరిమితి పెడుతుంది. క్లోమిఫిన్ ఆ జాబితాలో ఉంది.

లెట్రోజోల్ గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. ఇది మొదట రొమ్ము క్యాన్సర్‌కు వచ్చిన మందు. షాపులో ఎవరైనా "ఇది క్యాన్సర్ మాత్ర" అంటే అక్కలు భయపడి మానేస్తారు. మన ప్రభుత్వం 2011లో ఈ మందును పిల్లల కోసం వాడవద్దని ఆపింది. తర్వాత 2017లో ఆ ఆంక్ష తీసేసింది. ఇప్పుడు డాక్టర్లు దీన్ని ఇస్తున్నారు. అండం సరిగా విడుదల కానివారికి ముందుగా ఇచ్చే మందు ఇదే. కాబట్టి డాక్టరు రాస్తే భయపడనక్కర్లేదు.

మాత్రలతో ఫలితం రాకపోతే సూది మందులు ఇస్తారు. అసలు ఖర్చు ఇక్కడే పెరుగుతుంది. ఎందుకో చూద్దాం.

ఈ సూది మందు కథ విచిత్రమైనది. నెలసరి ఆగిపోయిన పెద్దవయసు ఆడవారి మూత్రంలో అండాన్ని పెంచే హార్మోను ఎక్కువగా ఉంటుంది. ఇటలీ దేశంలో శాస్త్రజ్ఞులు ఈ సంగతి కనిపెట్టారు. మఠాల్లో ఉండే ముసలి సన్యాసినుల దగ్గర మూత్రం సేకరించి, శుద్ధి చేసి మందు తీశారు. ఆ మందు వాడిన తల్లికి మొదటి బిడ్డ 1962లో పుట్టింది. తర్వాత ఇదే హార్మోనును ప్రయోగశాలలో జీవకణాల నుంచి తయారు చేయడం నేర్చుకున్నారు.

అందువల్ల ఇప్పుడు షాపులో రెండు రకాలు దొరుకుతాయి. మూత్రం నుంచి శుద్ధి చేసినది ఒకటి. ప్రయోగశాలలో చేసినది ఇంకొకటి. రెండోది సాధారణంగా ఎక్కువ ధర. గర్భం రావడంలో రెండింటికీ పెద్ద తేడా లేదని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని డాక్టరును అడగండి: "మాకు తక్కువ ధర రకం సరిపోతుందా?"

సూది మందు బలాన్ని యూనిట్లలో చెబుతారు. సీసా మీద 75 అనో 150 అనో ఉంటుంది. మీకు రోజుకు 150 యూనిట్లు కావాలంటే 75 సీసాలు రెండు కొనాలా, 150 సీసా ఒకటి కొనాలా? రెండు ధరలూ అడిగి లెక్క వేయండి. ఒక్కో షాపులో ఒక్కోలా ఉంటుంది.

ఒకేసారి నెలకు సరిపడా సూదులు కొనవద్దు. మధ్యలో స్కానింగు చూసి డాక్టరు మోతాదు మార్చవచ్చు. అప్పుడు కొన్నవి మిగిలిపోతాయి. చల్లగా ఉంచే మందును షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. రెండు మూడు రోజులకు సరిపడా కొనడం మేలు.

మందు ఎక్కడ కొనాలి?

మొదట ప్రభుత్వ ఆసుపత్రి. కాకినాడ పెద్దాసుపత్రి, రాజమండ్రి, ఏలూరు ఆసుపత్రులు మనకు దగ్గర. అక్కడ స్త్రీల విభాగంలో చూపించుకోవడానికి ఫీజు కట్టనక్కర్లేదు. పరీక్షలు ఏవి అక్కడే చేస్తారో, మందులు ఏవి ఉచితంగా ఇస్తారో అడగండి. లేని మందులే బయట కొనండి. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం కూడా మొదలైంది.

రెండోది జనౌషధి దుకాణం. జనౌషధి పథకం 2008లో మొదలైంది. 2025 నాటికి దేశంలో ఈ దుకాణాలు 15 వేలు దాటాయి. ఇక్కడ జెనరిక్ మందులు అమ్ముతారు. కంపెనీ పేరున్న మందుల కంటే ఇక్కడ ధర సగానికి పైగా తక్కువ అని ప్రభుత్వం చెబుతోంది. అన్ని మందులూ అన్ని రోజులూ ఉండవు. అందుకని వెళ్లేముందు ఫోను చేసి అడగడం మంచిది. మీకు దగ్గర దుకాణం ఎక్కడుందో 1800 180 8080 నంబరుకు ఫోను చేసి తెలుసుకోవచ్చు. ఈ ఫోనుకు డబ్బు పడదు.

మూడోది బజారులో మందుల షాపు. ఒక్క షాపులోనే అడగవద్దు. రెండు మూడు షాపుల్లో ధర అడగండి. మార్కెట్టులో వంకాయలకు బేరమాడతాం. వేలు పోసి కొనే మందుకు ఎందుకు అడగం?

"ఆసుపత్రి షాపులోనే కొనాలి అన్నారండీ" అంది అక్క.

మందు ఎక్కడ కొనాలన్నది మన ఇష్టం. ఆసుపత్రులు తమ షాపుల్లోనే కొనమని రోగుల మీద ఒత్తిడి పెడుతున్నాయన్న కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రోగులు దోపిడీకి గురికాకుండా రాష్ట్ర ప్రభుత్వాలు తగిన విధానం ఆలోచించాలని కోర్టు 2025 మార్చిలో చెప్పింది. మీరు మర్యాదగా "చీటీ ఇవ్వండి, మేము బయట కొనుక్కుంటాం" అని చెప్పండి. బయట కొన్న మందు తెచ్చి డాక్టరుకు చూపించి, తర్వాతే వాడండి.

ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జి.ఎస్.టి. పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఎంత వేశారో చూడండి. షీటు మీద ధర కంటే ఎక్కువ తీసుకుంటే 1800 111 255 కు గానీ, వినియోగదారుల నంబరు 1915 కు గానీ ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు ఉంటేనే ఫిర్యాదు నిలబడుతుంది.

ఇక్కడ పొదుపు చేయవద్దు

డబ్బు ఆదా చేయాలి. కానీ ప్రాణం మీదకు తెచ్చుకోకూడదు. ఈ ఐదు చోట్ల పొదుపు పనికిరాదు.

మాత్ర సగం విరిచి వేసుకోవద్దు. ఐదు రోజుల మందును మూడు రోజులకు ఆపవద్దు. అలా చేస్తే మందు పనిచేయదు. ఆ నెల ఖర్చంతా వృథా.

స్కానింగు మానవద్దు. అండం ఎంత పెరిగిందో స్కానింగులోనే తెలుస్తుంది. మందు ఎక్కువైతే అండాశయాలు ఉబ్బిపోతాయి. కడుపు ఉబ్బరం, వాంతులు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది ప్రమాదం.

పక్కింటి వాళ్లకు మిగిలిన మందు వాడవద్దు. వాళ్ల కారణం వేరు. మీ కారణం వేరు.

డాక్టరు చీటీ లేకుండా "గర్భం మాత్రలు" కొనవద్దు. ఎవరో చెప్పారని నెలల తరబడి వాడవద్దు. మూడు నాలుగు నెలలు వాడినా ఫలితం లేకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి.

చల్లగా ఉంచవలసిన సూది మందును ఎండలో తేవద్దు. చాలా రకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. షాపులోనే ఐసు ముక్కలున్న సంచి అడగండి. సీసా ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం. గారిని అడగండి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు గడ్డకట్టే పై అరలో పెట్టవద్దు. గడ్డకడితే మందు పాడవుతుంది.

మోసపోవద్దు

బస్టాండు గోడ మీద, బస్సులో పంచే కాగితం మీద ఏం రాసి ఉంటుంది? "పిల్లలు లేనివారికి గ్యారంటీ మందు" అని. ఇది చట్టానికి విరుద్ధం. ఆడవారి సంతాన లోపాన్ని నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వకూడదని 1954లోనే చట్టం వచ్చింది. "మగపిల్లాడు పుట్టే మందు" అనేది కూడా పచ్చి అబద్ధం. ఆడా మగా ఎంచుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం.

పరీక్షనాళికలో పిండం పెంచే చికిత్స చేసే ఆసుపత్రులకు రిజిస్ట్రేషను ఉండాలి. ఈ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. డబ్బు కట్టేముందు రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి. మొత్తం ఖర్చులో మందులు కలిసి ఉన్నాయా, విడిగా కట్టాలా అని అడగండి. ఆ మాట కాగితం మీద రాయించుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆసుపత్రి ఖర్చు ఒకటి చెబుతారు. సూదుల ఖర్చు దాని మీద వేరే పడుతుంది.

అప్పు లెక్క

డబ్బు లేక అప్పు తెస్తాం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువే అనిపిస్తుంది. లెక్క వేద్దాం.

20,000 రూపాయల అప్పు. నెలకు వడ్డీ 400 రూపాయలు. ఏడాదికి 4,800 రూపాయలు. ఒక్క రూపాయి కూడా అసలు తీరదు.

పుస్తెలు కుదువ పెట్టేముందు డ్వాక్రా సంఘంలో అడగండి. అక్కడ వడ్డీ తక్కువ. సంఘంలో చెప్పడానికి సిగ్గుపడవద్దు. మీ పక్కన కూర్చున్న అక్కకు కూడా ఇదే కష్టం ఉండవచ్చు.

అక్క ఏం చేసింది?

అక్క ఒక రెండు రూళ్ల నోటు పుస్తకం కొంది. ప్రతి పేజీకి నాలుగు గళ్లు గీశాం. మందు అసలు పేరు, బలం, ఎన్ని, ధర. పేర్లు నేను తెలుగులో రాసిపెట్టాను. అంకెలు అక్కే రాసింది.

మరుసటి నెల అక్కా బావా ఇద్దరూ వెళ్లారు. ఈసారి బావ కూడా పరీక్ష చేయించుకున్నాడు. మొదట ఒప్పుకోలేదు. "చెట్టెక్కేవాణ్ని, నాకేం లోపం?" అన్నాడు. అక్క ఊరుకోలేదు. "నువ్వు చేయించుకోకపోతే నేను మందు మింగను" అంది. వెళ్లాడు. బావకు లోపం లేదని తేలింది. అక్కకు అండం సరిగా రావడం లేదని తెలిసింది.

డాక్టరును అక్కే అడిగింది. ఏడు మందులు మూడయ్యాయి. మూడింటిలో రెండు జెనరిక్ దొరికాయి. షాపువాడు వేరే బలం ఉన్న షీటు ఇస్తే అక్క పట్టుకుంది. "ఇక్కడ రెండున్నర రాశారండీ. మీరు ఐదు ఇచ్చారు" అంది. షాపువాడు చీటీ మళ్లీ చూసి మార్చి ఇచ్చాడు.

ఆ సంగతి చెప్పినప్పుడు అక్క ముఖం చూడాలి!

అక్కకు ఇంకా గర్భం రాలేదు. మందులు వాడుతోంది. వస్తుందని నేను మాట ఇవ్వలేను. ఏ డాక్టరూ ఇవ్వలేరు. కానీ అక్క ఇప్పుడు మందు మానేయలేదు. అప్పు చేయలేదు. తిరుగు ప్రయాణానికి బస్సు డబ్బులు కొంగులోనే ఉంటున్నాయి.

గుర్తుంచుకోండి

భార్యాభర్తలు ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి.
మందు అసలు పేరు అడగాలి. జెనరిక్ వాడవచ్చా అని అడగాలి.
బలం, ధర, గడువు, ఎన్ని మాత్రలు – ఈ నాలుగు అంకెలు చూడాలి.
రెండు మూడు షాపుల్లో ధర అడగాలి. బిల్లు తీసుకోవాలి.
మోతాదు తగ్గించకూడదు. స్కానింగు మానకూడదు.

మీరు చేయండి

1. మీ ఇంట్లో ఉన్న ఒక మాత్రల షీటు తీయండి. గడువు ఏ నెల, ఏ సంవత్సరం? నోటు పుస్తకంలో రాయండి.
2. ఒక షీటులో 10 మాత్రలు. ధర 90 రూపాయలు. మీకు 5 మాత్రలే కావాలి. ఎంత ఇవ్వాలి?
3. 10,000 రూపాయల అప్పుకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఆరు నెలలకు వడ్డీ ఎంత?
4. డాక్టరును అడగవలసిన రెండు ప్రశ్నలు రాయండి. మీ పక్కన ఉన్నవారికి చదివి వినిపించండి.